సీట్లో లేడు

గాజువాక బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నా పక్కన ఎవరో ఒకాయన నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నాను.

"వద్దు బావా," అన్నాడు వరస కలిపేస్తూ. "షుగరొచ్చింది, గంటకోసారి లేసి నడవమన్నాడు డాక్టరు. ఆఫీసులో అలా లేత్తే, 'సీట్లో లేడు' అని మెమో ఇచ్చారు."

గంటల తరబడి కూర్చుంటే కాలి కండరాలు రక్తంలోని చక్కెరను సరిగా వాడుకోవని లైబ్రరీలో చదివాను. అదంతా గర్వంగా వివరించాను.

"ఇంత తెల్సీ కూకునే సెప్తన్నావేటి?" అని నవ్వాడు.

సిగ్గుపడి లేచాను. "మెమోకి ఏం జవాబిస్తారు?" అని అడిగాను.

"ఇదిగో, రాసేసాను. 'సీట్లో లేను, పనిలోనే ఉన్నాను. రేపూ లేస్తాను.' నీ కండరాల ముక్క కూడా కలుపుతాను, అటు తిరుగు."

బస్సు కుదుపుల మధ్య, నా వీపు మీద కాగితం ఆనించి రాశాడు. సంతకం ఎంత గట్టిగా పెట్టాడో నా వీపుకి ఇప్పటికీ గుర్తుంది.