జంతువుల పుస్తకంలో నా ఎర్ర జాకెట్

కెనడాలోని సస్కటూన్‌లో చదువుకునే రోజుల్లో శనివారం వస్తే చాలు, స్టోర్‌లో షిఫ్ట్ ముగించుకుని లైబ్రరీ మేడ మీదికి పరుగెత్తేదాన్ని. అక్కడ ఒక రిటైర్డ్ టీచర్ మాలాంటి కొందరికి మధ్యయుగాల పద్ధతిలో చేత్తో జంతువుల పుస్తకం చేయడం నేర్పేవారు. తలా ఒక పేజీ. జంతువు బొమ్మ, పక్కన దాని గుణం, దాన్ని చూసి మనిషి నేర్చుకోవాల్సిన నీతి. ఒకరు నక్కను, ఒకరు ఎలుగుబంటిని వేస్తే నేను ముంగిసను వేశాను.

ఆ ఏడాది ఊళ్లో ఎటు చూసినా మా ఇండియా స్టూడెంట్సే. బస్సులో జనం మమ్మల్ని చూసి మొహం తిప్పుకునేవారు. ఆ గదిలో మాత్రం నేను మనిషిని. అందుకే అదంటే నాకు అంత పిచ్చి.

పేజీలకు బంగారు రేకు అద్దే పని నాది. జిగురుతో గీత గీసి, ఆరాక దాని మీద వెచ్చగా ఊపిరి వదలాలి. ఆ చెమ్మకే రేకు అంటుకుంటుంది. పుస్తకంలో అందరి పేజీలకూ నా ఊపిరే. "బంగారం కూడా నీ మాట వింటుంది డియర్" అనేవారు టీచర్. ఆ ముక్కకే వారమంతా ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని.

ఆఖరి శనివారం ఆవిడ తన పేజీ నా ముందు పెట్టారు. దానికి బంగారం అద్దితే పుస్తకం కింది అంతస్తులోని అద్దాల బీరువాలోకి వెళ్తుంది, ఊరంతా చూస్తుంది.

నిర్ఘాంతపోయాను. మంచులో బస్ స్టాప్. బ్యాగులు తగిలించుకుని ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ పిల్లల మంద. ముందు వరసలో నా ఎర్ర జాకెట్, మోచేతి దగ్గర నేను వేసుకున్న అతుకుతో సహా. కింద ముచ్చటైన దస్తూరీలో ఇలా ఉంది: "స్టూడెంట్. వెచ్చని దేశాల నుంచి మందలుగా వస్తుంది. బేస్‌మెంట్లలో గుంపుగా నిద్రపోతుంది. అన్నం వాసనతో తనవాళ్లను పసిగడుతుంది. దీన్ని చూసి మనం ఓర్పు నేర్చుకోవాలి."

"ఇది నేనాండీ?" అన్నాను.

"గుర్తుపట్టావా డియర్" అన్నారు, ముఖం వెలిగిపోతుంటే. "ఎంతో ఇష్టంగా వేశాను."

అదే నన్ను చంపేసింది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టేదాన్ని. ముద్దు చేస్తూ జంతువుల్లో కలిపేస్తే ఏమనాలి? మెట్ల దగ్గరికెళ్లి రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. కరీంనగర్ పిల్ల, దేనికీ జంకదు.

"సప్పుడు జేయకుంట రాకు" అంది అంతా విని. "గా ఎలుగుబంటికీ నీకూ ఫరక్ ఏందో ఆమెకు చూపెట్టినంకనే ఇంటికి రా."

లోపలికొచ్చి పుస్తకం తిరగేశాను. నక్క, ఎలుగుబంటి, నా ముంగిస. అన్నిటికీ జాతి పేరే. సొంత పేరున్నది ఒక్కటీ లేదు.

జిగురు తీసుకుని ఎర్ర జాకెట్ కింద నా పేరు తెలుగులో రాశాను. ఒళ్లంతా మండిపోతోంది. ఆరాక ఊపిరి వదిలి రేకు అద్దాను.

టీచర్ నా భుజం మీదుగా వంగి చూశారు. "ఎంత చక్కటి డిజైన్. ఏమిటది?"

"నా పేరండీ."

ఆవిడ ఆ అక్షరాల కింద వేలు పెట్టి చదవబోయారు. చలికాలమంతా నా పక్కన కూర్చున్న మనిషి ఒక్కసారీ నా పేరు అడగలేదు. ఆ సంగతి ఆవిడకు అప్పుడు తట్టింది. నాకూ అప్పుడే తట్టింది.