రిజిస్టర్‌లో లేని జబ్బు

వీరవేణి తన జబ్బును దాచలేదు. పనిలో పడిపోవడానికి తొమ్మిది రోజుల ముందే నాకు చెప్పింది. విచారణలో నేను ఆ సంగతి బయటపెట్టలేదు. ఇంతమాత్రం రాయడానికి నేను ఉద్యోగం మానేసేదాకా ఆగాల్సి వచ్చింది.

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది వేసవిలో, భీమవరానికి కొద్ది దూరంలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో పర్సనల్ మేనేజర్‌గా చేరాను. పనివాళ్ళ నియామకం, హాజరు, సెలవులు, క్రమశిక్షణ నా బాధ్యత. నాలుగు వందల మందిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళు, ఒడిశా అమ్మాయిలు.

రొయ్య పొట్టు తీసే హాలు ఎప్పుడూ చల్లగా ఉండాలి. స్టీలు బల్లకు పదిమంది చొప్పున నిలబడి, ఐసులో ఉన్న రొయ్యను వలుస్తారు. బల్ల మొత్తం మీద వచ్చిన తూకాన్ని పదిమందికీ సమానంగా పంచుతారు. లోపలికి వెళ్ళేముందు టోపీ, మాస్కు, ఏప్రాను, గమ్‌బూట్లు వేసుకుని, క్లోరిన్ నీళ్ళలో కాళ్ళూ చేతులూ ముంచాలి. సూపర్‌వైజర్ అరచేతులు తిప్పి చూస్తాడు. తరువాత రిజిస్టర్‌లో సంతకం. జ్వరం లేదు, విరేచనాలు లేవు, చేతికి గాయం లేదు, చర్మవ్యాధి లేదు అని నాలుగు గడులు. మనిషి నుంచి రొయ్యకు అంటుకోగలిగినవి ఆ నాలుగే. ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే ఈ తతంగమంతా మొదటి నుంచి చేయాలి. ఆ పావుగంట బయటికి వెళ్ళినామె వాటా పని మిగతా తొమ్మిదిమంది మీద పడుతుంది.

వీరవేణి పాలకొల్లు వైపు ఊరి మనిషి. నలభై దాటి ఉంటాయి. ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక నా గదికి వచ్చి నిలబడింది. షుగరుకి మాత్రలు వాడుతోందట. తెల్లారకముందే నాలుగు మెతుకులు తిని మాత్ర వేసుకుని బయలుదేరితే, పదయ్యేసరికి ఆ చలిలో కూడా చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయట. మధ్యలో ఏదైనా తినమన్నాడట డాక్టరు.

“పదంటే పదే నిమిషాలండి. రెండిడ్లీలు నోట్లో వేసుకుని వచ్చేత్తాను. నేనడిగితే మా బల్ల వాళ్ళు ఊరుకోరండి. మీరు చెబితే ఇంటారు” అంది. తరువాత, “షుగరని ఆ పుస్తకంలో రాయించమంటారా అండి?” అని అడిగింది.

అది అంటుకునే జబ్బు కాదు, రాయక్కర్లేదు అన్నాను. విదేశీ కొనుగోలుదారుల తనిఖీ దగ్గర పడిందని, అది అయ్యాక చూద్దామని, అప్పటిదాకా ఓపిక పట్టమని చెప్పాను.

“ఆయ్, అలాగేనండి” అని వెళ్ళిపోయింది.

నిజానికి దీనికి మందు నాకు తెలుసు. అంతకుముందు పనిచేసిన జీడిపప్పు ఫ్యాక్టరీలో ‘రిలీవర్’ అని ఒక మనిషి అదనంగా ఉండేది. ఎవరు బయటికి వెళ్ళినా ఆ చోట నిలబడేది. తూకం తగ్గేది కాదు, తోటివాళ్ళు సణిగేవారు కాదు. అయితే దానికి జనరల్ మేనేజర్ సంతకం కావాలి. ‘ఒకరికి తలుపు తీస్తే నాలుగు వందల మందికీ తీయాలి’ అనేది ఆయన మాట. కొత్తగా చేరినవాణ్ణి, తనిఖీ ముందు ఆయన్ను కదిలించడానికి భయపడ్డాను.

ఆ తొమ్మిది రోజులూ పదింటికల్లా వరండాలోకి వెళ్ళి అద్దంలోంచి హాలు చూసేవాణ్ణి. టోపీలూ మాస్కుల మధ్య అందరూ ఒకేలా ఉంటారు. మూడో బల్ల దగ్గర పొడుగ్గా ఉన్న మనిషి నిలబడే ఉంటే ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. నాలుగో రోజు ఆమె బల్ల అంచు పట్టుకుని ఉంది. ఆ మధ్యాహ్నం గట్టిగా అనుకుని జనరల్ మేనేజర్ గదిలోకి వెళ్ళాను. తనిఖీ వాళ్ళకు బస ఏర్పాటైందా అని ఆయన అడిగారు. అయిందండి అని చెప్పి బయటికి వచ్చేశాను. ఆరో రోజు వీరవేణి నన్ను అద్దంలోంచి చూసి, ఏమైందన్నట్టు తల ఎగరేసింది. నేను గడియారం చూసుకుంటున్నట్టు నటించి పక్కకు తప్పుకున్నాను.

తనిఖీ రోజు ఇద్దరు పరిశీలకులతో నేనూ హాల్లోనే ఉన్నాను. మూడో బల్ల దగ్గర అందరిలో పెద్దది అప్పాయమ్మ.

“ఏంటే వేణీ, ఆ వణుకుడు? దొరల్ని చూసి సిగ్గుపడతన్నావా?” అంది మాస్కులోంచే. బల్లంతా నవ్వింది. నవ్వు ఆగకముందే వీరవేణి పడిపోయింది. నుదురు బల్ల అంచుకు తగిలి, ఐసు మీద రక్తం పడింది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి, నుదుటికి కుట్లు వేశారు. ప్రాణానికి ప్రమాదం తప్పింది.

మూడో రోజు విచారణ. జబ్బు దాచి హాల్లోకి ప్రవేశించిందనేది అభియోగం. “పర్సనల్ సారుకి ముందే చెప్పానండి” అంది వీరవేణి, తలకు కట్టుతో. జనరల్ మేనేజర్ నా వైపు తిరిగారు. నేను రిజిస్టర్ తెరిచి, “ఇందులో ఎక్కడా లేదండి” అన్నాను. అబద్ధమని ఎవరూ అనలేని మాట అది. తొలగింపు ఉత్తర్వు మీద సంతకం నాదే.

ఆ మరుసటి వారం అందరికీ రక్తపరీక్షలు చేయించారు. షుగరు, బీపీ ఉన్న పదకొండు మందిని రావద్దన్నారు. వాళ్ళలో అప్పాయమ్మ ఒకతె. వీరవేణి దాచబట్టే తమ పనులు పోయాయని ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెతో మాటలు మానేశారు.

అప్పటి నుంచి మా ఫ్యాక్టరీలో ఎవరికీ ఏ జబ్బూ లేదు. మెట్ట నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఐదో నెల దాకా కడుపు ఏప్రాను కింద దాచుకుంది. ఇంకొకామె జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి పక్కింట్లో వదిలేసి వచ్చి, రోజంతా తలుపు వైపే చూస్తూ నిలబడింది. నేను మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏడాది తరువాత కొనుగోలుదారులే పట్టుబట్టడంతో హాలుకు ఇద్దరు రిలీవర్లు వచ్చారు. తూకం తగ్గలేదు. తీసేసినవాళ్ళను మాత్రం ఎవరూ పిలవలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. చెప్పుకుంటే పని పోతుందని తెలిసిన చోట, పడిపోయేదాకా అందరూ ఆరోగ్యవంతులే. మనిషి తన ఒంటి సంగతో ఇంటి సంగతో చెప్పుకున్నప్పుడు, ఏం కావాలో కనుక్కుని, కాగితం మీద పెట్టి, పై అధికారి చేత అవుననో కాదనో అనిపించాలి. జీతం అందుకే ఇస్తారు. కాదంటారనే భయం మన దగ్గరే ఉండాలి, అడిగిన మనిషి మోయకూడదు.

పోయిన నెల కంపెనీకి జరిగింది రాసి పంపి, వీరవేణి ఇంటికి వెళ్ళాను. కొబ్బరి పీచు దులుపుతోంది. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను.

“నాకు చెప్తారేంటండి? నాకు తెలుసు కదా. తెలీనోళ్ళకి చెప్పండి” అంది. ఎవరికని అడిగాను. “రేపు పొద్దున్న ఫ్యాక్టరీ వ్యాను కాడికి రండి.”

వెళ్ళాను. క్యారేజీలతో ఇరవైమంది దాకా ఉన్నారు. వాళ్ళ వెనక పని పోయినవాళ్ళు కొందరు నిలబడ్డారు. వీరవేణి ముందు రోజే ఇంటింటికీ వెళ్ళి రమ్మని చెప్పిందట. అప్పాయమ్మ కూడా వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపాడు.

“వీరవేణి షుగరు సంగతి నాకు ముందే చెప్పింది. పుస్తకంలో రాయక్కర్లేదన్నది నేను. విచారణలో నోరు మూసుకున్నదీ నేనే. మీ పనులు పోవడానికి కారణం ఆవిడ కాదు. ఆవిడా మీరూ నన్ను క్షమించాలి” అన్నాను.

“ఇంజను గోలలో ఇనపళ్ళేదు బాబూ. మళ్ళీ చెప్పండి” అంది అప్పాయమ్మ. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది.

నేను మళ్ళీ మొదటి నుంచి, వెనకవాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను.