రాళ్లు మోసినవాళ్ల పుస్తకం

మా ఎమ్మిగనూరు చర్చిలో గంట కొట్టే తాత ఆ పుస్తకం ముట్టే ముందు మూడు పనులు చేసేవాడు. చేతులు కడుక్కునేవాడు, తువ్వాలుతో తుడుచుకునేవాడు, తడి పూర్తిగా ఆరేదాకా వేళ్లు చాచి నిలబడేవాడు. తోలు అట్ట వేసిన పాత ఇంగ్లీషు పుస్తకమది, ఎప్పుడో దొరలు వదిలివెళ్లింది. చర్చి కట్టినప్పుడు రాళ్లు మోసినవాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయని మా అందరి నమ్మకం. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్లూ దాని మీద చేయి వేసి ఇంటికి వెళ్లేవాళ్లు. నేనూ వేశాను.

నేను ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లులో ఇంజనీరుగా చేరిన ఏడాది, ఒక ఆదివారం ఆయన దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"కండ్లు మసకబారినాయప్పా. పూర్తిగా పోకముందే మా నాయన పేరు సూడాల. యాడుందో సెప్పు."

మొదటి పేజీ, విషయసూచిక, చివర ఉన్న పేర్ల పట్టిక వరుసగా చూశాను. అది వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండులో ఆంగ్లో-సాక్సన్ జాతివాళ్ల చర్చి చరిత్ర. అన్నీ అక్కడి రాజుల, బిషప్పుల పేర్లే.

"ఇది మన చర్చి గురించి కాదు తాతా. ఇంగ్లండు వాళ్లది," అన్నాను.

ఆయన నవ్వాడు. "నీకు మిల్లు మిసన్ల సదువు వచ్చు గానీ ఇది రాదులే. అంత బిరబిరా తిప్పితే యాడ కనపడతాది? నిదానంగా సూడు."

మళ్లీ మొదటి నుంచి తిప్పాను. ఆయన ఈలోగా చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, నా పక్కన కూర్చుని చూపుడువేలు చాచాడు.

"దొరికినాక నా ఏలు పట్టుకొని ఆ పేరు మీద పెట్టప్పా."

చివరి పేజీ కూడా అయిపోయింది. ఆయన వేలు ఇంకా చాచే ఉంది. దాన్ని పట్టుకున్నాను గానీ, ఎక్కడ పెట్టాలో తెలియలేదు.