నేను కలిపిన మాట

ఈ ఏడు కూడా బతుకమ్మ పండుగకు మా వీధి మలుపులో ఒక ముసలమ్మ తంగేడు పూల కట్టలు పరిచి కూర్చుంది. ఆ పచ్చి వాసన తగిలిందంటే చాలు, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస, ఆరేసిన తెల్ల బట్టల మీద సాయంత్రానికల్లా సన్నటి బొగ్గుపొడి వాలే ఆ ఇరుకు వాకిళ్లు కళ్ల ముందు నిలబడతాయి.

పక్క క్వార్టర్ ఎల్లయ్య కాకది. నాయినకు తోడబుట్టినవాడు కాదు గానీ, ఇద్దరూ ఒకే గనిలో ఒకే షిఫ్టు. తెల్లవారి సైరన్ కూయకముందే కాక సైకిలు గంట కొట్టేవాడు, నాయిన టిఫిన్ డబ్బా అందుకుని ఉరికేవాడు. మధ్యాహ్నం నల్లటి మొహాలతో తిరిగొచ్చి ఇద్దరూ మా గడప ముందే చాయ తాగేవాళ్లు. కాక బిడ్డ స్వరూప నా ఈడుది. వానాకాలమంతా వాళ్ల వసారాలో చింతగింజలతో ఓమనగుంటలు ఆడుకునేవాళ్లం. నాకు జడలు వేసింది అమ్మకన్నా స్వరూప వాళ్లమ్మ, మా చిన్నమ్మే ఎక్కువ. బతుకమ్మ పండుగకు ఆమె నువ్వులు, పల్లీలు వేయించి, రోట్లో దంచి సత్తుపిండి చేసేది. బెల్లం ఎక్కువ పడ్డ ముద్ద నాకోసం దాచేది.

నాకు పదేళ్లప్పుడు ఎన్నికలొచ్చాయి. నాయిన ఒక జెండా పట్టాడు, కాక ఇంకొకటి. మొదట్లో పరాచికాలే. పోనుపోను ఏ ఇంటి మీద ఏ జెండా ఉందో చూసుకుని పలకరించుకోవడం మొదలైంది. గడప ముందు చాయ బందయింది; తెల్లవారి సైకిలు గంట మాత్రం ఆగలేదు. "దొంగల పార్టీ. వాళ్లెనుక తిరిగెటోళ్లు గూడ దొంగలే" అని నాయిన అన్నం తింటూ తిట్టేవాడు. ఆ మాటలు నాకు గొప్పగా వినిపించేవి. స్వరూపతో ఆట మానేశాను. నన్నెవరూ మానమనలేదు.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఎప్పుడూ ఒక్కటిగా తిరిగే మా వరుస ఆడవాళ్లు రెండు గుంపులయ్యారు. పాట ఒకటే, చప్పట్లు కలవలేదు. బతుకమ్మలను నీళ్లలో వదిలాక చిన్నమ్మ మా గుంపులోకి నడిచి వచ్చి, గిన్నెలోంచి ముద్ద తీసి నాకందించింది.

"పట్టు బిడ్డా, నీకోసమే జేసిన."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వద్దు. మీరు దొంగలట. మీ ఇంట్ల ఏం తినద్దని మా నాయిన చెప్పిండు."

తినొద్దని నాయిన ఎన్నడూ అనలేదు. ఆ మాట నేను కలిపాను.

"మీ నాయిన అన్నడా?" అంది చిన్నమ్మ. ఔనని తలూపాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లను ఒకసారి చూసి, ముద్దను గిన్నెలో వేసి, మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి కాక సైకిలు మా ఇంటి ముందు ఆగలేదు. వారం తిరక్కుండానే షిఫ్టు మార్చుకున్నాడు. ఓట్లయిపోయాక కొన్నాళ్లకు కాక జై కొట్టిన నాయకుడు నాయిన పార్టీలోనే చేరాడు; ఇద్దరు నాయకులూ ఒకే పూలదండలో నవ్వుతున్న బొమ్మను చౌరస్తాలో కట్టారు. వరుసలో అందరూ మళ్లీ కలిసిపోయారు, మా రెండిళ్లు తప్ప. మూడేళ్లకు కాక వాళ్లు కమాన్‌పూర్ దగ్గరి సొంతూరికి వెళ్లిపోయారు. లారీలోకి సామాను ఎక్కిస్తున్నంతసేపూ నాయిన లోపల గోడకానుకుని కూర్చున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత, దవాఖాన మంచం మీద ఉన్నట్టుండి అన్నాడు: "ఎలచ్చన్లల్ల అందరం తిట్టుకున్నం, అందరం మళ్ల గలిసినం. ఎల్లయ్య ఒక్కడే నాతోని మాట ఎందుకు బంజేసిండో నాకిప్పటికీ సమజ్ గాలే."

నేను మందుల చీటీ పట్టుకుని దుకాణానికి నడిచాను. ఆ నెలలోనే నాయిన పోయాడు.

మా క్వార్టర్లు ఇప్పుడు లేవు. ఆ చోటంతా ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట. మొన్న మంచిర్యాల బస్టాండులో స్వరూప కనబడింది. కాక, చిన్నమ్మ ఇద్దరూ పోయారని చెప్పింది. నిలబడ్డచోటే ఆనాటి సంగతంతా చెప్పేశాను. ఆమె కింద పెట్టిన సంచి చేతికి తీసుకుంది.

"మా నాయిన గా ఒక్క మాటకే కుమిలిండు. అప్పుడే చెప్తే అయిపోతుండె గద. ఇప్పుడు ఎవలికి చెప్తరు మీరు?"

స్వరూప నన్ను మీరు అనడం అదే మొదటిసారి.