యాదన్న స్పీకర్ బాక్సులు, ఆ చెమట

నిన్న పొద్దున యాదన్న ఇంటి నుంచి వదిన ఫోన్.

"తమ్మీ, మీ అన్న లేస్తలేడు. ఎంత లేపినా లేస్తలేడు."

ఎలా పరిగెత్తానో తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే గుండెపోటు అన్నారు.

యాదన్న ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి అన్న. మేం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న కొత్తలో నాకు దొరికిన మొదటి ఫ్రెండ్.

ఆదివారం వస్తే ఇద్దరం ఆయన కార్ షెడ్‌లో ఉండేవాళ్లం. కారు లేదు, షెడ్ మాత్రం ఉంది. ప్లైవుడ్ కోసి స్పీకర్ బాక్సులు చేసి, పైన టేకు చెక్కలా కనిపించే వినైల్ షీట్ అతికించేవాళ్లం. నాదర్‌గుల్ వైపు కొత్త ఇళ్లు లేచాక అందరికీ హోమ్ థియేటర్ పిచ్చి పట్టింది. తెలిసినవాళ్లంతా మా బాక్సులే కావాలనేవాళ్లు.

మొదటిసారి నేను షీట్ మొత్తం ఒకేసారి వేసేశాను. బుడగలే బుడగలు.

"గిదేంది తమ్మీ, అప్పడాలు గోలిచ్చినవా?" అని పగలబడి నవ్వాడు.

తర్వాత సూదితో బుడగ అంచున చిన్నగా పొడిచాడు. వదిన హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి పెట్టాడు. గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డుతో గాలిని ఆ రంధ్రం వైపు మెల్లగా నెట్టాడు. బుడగ మాయం. ఆ డ్రయ్యర్ కోసం వదినతో తిట్లు మాత్రం మస్తుగా తిన్నాడు.

షీట్ వేసేటప్పుడు అన్న పెట్టిన రూల్ ఒకటే. ఫ్యాన్ బంద్, షట్టర్ కిందికి. కాస్త దుమ్ము షీట్ కింద చేరినా బుడిపె లేస్తుంది.

మొన్న ఆదివారం కూడా అంతే. బాక్స్ మూల దగ్గర షీట్ మడుస్తుంటే అన్న బనియన్ మొత్తం తడిసిపోయింది. ఎడమ భుజం రుద్దుకున్నాడు. ఏమైందన్నా అన్నాను.

"ఫ్యాన్ బంద్ ఉంది గద, గందుకే. ఫికర్ జేయకు. షీట్ గట్టిగ వట్టుకో."

నాకూ చెమటలే. ఆ షెడ్‌లో ఎవరికి పట్టవు? కార్డుతో నొక్కీ నొక్కీ ఎవరి భుజం లాగదు? పని అయ్యాక చాయ్ తాగి ఇంటికొచ్చేశాను.

ఆ చెమట, ఆ భుజం నొప్పి గుండెవేనేమో అని ఇప్పుడు భయం.

నాకూ ఎడమ భుజం లాగుతోంది. చాలా రోజులుగా లాగుతోంది. రాత్రి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. కన్ను మూయాలంటే భయమేసింది.

నిన్న అంత ఏడుపులోనూ వదిన నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు గూడ గా షెడ్డులనే ఉంటవ్. నీకు గూడ గట్లనే చెమటలు వడ్తయ్. జర దవాఖానల చూపించుకో తమ్మీ. నా మాటిను."

తన మనిషి పోయిన రోజు నా గురించి ఆలోచించింది.

ఈసీజీ గది బయట కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. లోపలికి వెళ్లాలంటే భయం. చూపించుకోకుండా ఇంటికి వెళ్లాలంటే ఇంకా భయం.

మొన్న ఈ కుర్చీలో నువ్వు కూర్చోవాల్సింది అన్నా.

నా పేరు పిలుస్తున్నారు. వెళ్తున్నాను.

ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి యాదన్నా.