పని మీద ఉన్న రాళ్ళు

నా చిన్నప్పుడు నానక్‌రామ్‌గూడ అంటే పెద్ద పెద్ద రాతి గుండ్ల మధ్య నాలుగు ఇళ్ళు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు చూసేవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, ఆ మేడల పునాదుల కోసం పేల్చేసిన గుండ్లలో సగం నేను ఎక్కి దిగినవే. మా చెలక అలాంటి ఒక గుట్ట కిందే ఉండేది. చెలక అంటే వాన మీద పండే ఎర్రనేల. బావి లేదు, కాలువ లేదు. పైనుంచి కిందికి వాలుగా రెండెకరాలు, దాని నిండా పిడికిట్లో పట్టేంత రాళ్ళు. వీళ్ళు జొన్నలు పండిస్తారా, రాళ్ళు పండిస్తారా అని మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అడిగిందట.

నేను చెప్పేది అరవై తొమ్మిది నాటి సంగతి. తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు రోడ్డెక్కిన ఏడు. బళ్ళు మూతపడ్డాయి, నాకేమో పండగలా ఉండేది. మా నాన్న బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. ఆ ఏడు బందులతో కార్ఖానా తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. జీతం మాట ఎత్తడానికి అమ్మకే భయంగా ఉండేది. కాబట్టి ఆ ఏటి మా తిండి మొత్తం తాత విత్తే జొన్న మీదే ఆధారపడింది. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. రెండు పూటల రొట్టె ఒక పూటకు వచ్చినప్పుడు మాకే తెలిసింది.

మా తాత చేతివాసి గలవాడని ఊళ్ళో పేరు. మృగశిర కార్తెలో మిరుగం వాన పడిందంటే తమ చెలకల్లో మొదటి సాలు ఆయన చేతే విత్తించుకోవాలని జనం వచ్చి పిలుచుకుపోయేవారు. ఏ విషయంలోనూ గొప్పలు పోని మనిషి, విత్తనం వేసే గొర్రు పట్టుకున్నప్పుడు మాత్రం జర తల ఎత్తి నడిచేవాడు. ఆ ఏడు కూడా మా రెండెకరాలూ తనే విత్తాడు.

విత్తిన సాయంత్రమే మా చిన్నాయన వచ్చాడు. నాన్నకు తమ్ముడు, పట్నంలో కాలేజీలో చదువుతుండేవాడు. నుదుటికి గుడ్డ కట్టు ఉంది. లాఠీ దెబ్బట. అమ్మ కట్టు విప్పి పసుపు అద్దుతూ ఏడ్చింది. "ఏడ్వకు వదినా. వాళ్ళ చేతుల్ల లాఠీలున్నయి. మా చేతుల్ల రాళ్ళు తప్ప ఏమున్నయి? గవి సుత పట్నంల దొరుకుతలెవ్వు," అన్నాడు. సగం నవ్వుతూ అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ సగం ఎక్కడ అర్థమవుతుంది? వారం రోజుల్లో మళ్ళీ వస్తానని చెప్పి మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. అదే రోజు, హఫీజ్‌పేటలో ఉన్న తన చెల్లెలికి జ్వరం ఎక్కువైందని కబురొస్తే తాత కూడా అటు వెళ్ళాడు. అమ్మ కూరగాయల తోటకు కూలికి పోయింది.

నేను గోనెసంచులు తీసుకుని చెలకకు పోయాను. చిన్నాయనకు రాళ్ళు కావాలి, మా చెలక నిండా ఉన్నవి రాళ్ళే. పైగా పొలం శుభ్రమవుతుంది, తాత మెచ్చుకుంటాడు. స్వామి కార్యం, స్వకార్యం రెండూ జరుగుతాయనుకున్నాను. మూడు రోజులు వంచిన నడుము ఎత్తకుండా ఏరాను. విసరడానికి వీలుగా ఉన్నవాటిని లంగా ఒడిలో వేసుకుని, మోసుకొచ్చి, గుట్ట పక్కన సంచుల్లో నింపాను. పై ఎకరం ఊడ్చిన వాకిలిలా తయారైంది. మూడో రోజు మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. ఆ తర్వాత మూడు రోజులు చుర్రుమనే ఎండ.

ఏడో రోజు తాత తిరిగొచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా చెలకకు పోతుంటే నేను వెంట పరుగెత్తాను. కింది ఎకరంలో రాళ్ళ సందుల నుంచి జొన్న మొలకలు సాళ్ళు సాళ్ళుగా లేచి ఉన్నాయి. పై ఎకరంలో ఒక్కటంటే ఒక్కటి లేదు. నేల పెంకులా గట్టిపడి నెరలు వారింది.

"రాళ్ళెవలు ఏరిండ్రు బిడ్డా?" అన్నాడు.

"నేనే తాతా! చిన్నాయన కోసం," అన్నాను. ఎంత సంబరంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన అక్కడే కూర్చుండిపోయాడు. కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. లేచి నా చెయ్యి పట్టుకుని కింది ఎకరంలోకి తీసుకుపోయి, ఒక రాయి ఎత్తమన్నాడు. ఎత్తితే కింద చల్లగా తడి, ఆ తడిలోంచి రాయి అంచు చుట్టి పైకొస్తున్న ఒక మొలక. మళ్ళీ అలాగే పెట్టెయ్యమన్నాడు. తర్వాత పై ఎకరానికి తీసుకొచ్చి, కొడవలి మొనతో నేల మీది పెచ్చును లేపాడు. దాని కింద గింజ మొలిచే ఉంది. పైకి రావడానికి దారి లేక, పెచ్చు కిందే పసుపుపచ్చగా పాలిపోయి ముడుచుకుని చచ్చిపోయింది. దాని పక్కది, ఆ పక్కది, అన్నీ అంతే. నాకు ఏడుపు వచ్చింది.

ఏడుస్తున్న నన్ను గుట్ట దగ్గరికి నడిపించాడు. గుండు మీద పొర ఒకటి ఊడి వేలాడుతుంటే దాన్ని విరిచి నా అరచేతిలో నలిపాడు. అందులో ఎర్రటి పలుకులు, తెల్లటి పలుకులు, తళతళలాడే కాకిబంగారం కనిపించాయి. ఎర్రది ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ మెత్తబడి మన్నవుతుందనీ, పైరుకు తడి అందేది దానివల్లేననీ చెప్పాడు. తెల్లది ఎన్నటికీ మెత్తబడదు, ఇసుకగా ఉండిపోయి వేళ్ళకు గాలి ఆడనిస్తుంది. చేవెళ్ళ దాటి పోతే అక్కడి రాయి నల్లది, అది చివికితే రేగడి అవుతుంది. ఆ నేల వాన నీళ్ళను నెలల పాటు దాచుకుంటుంది. మన గుట్ట రాయి నుంచి వచ్చిన మట్టికి ఆ దాచుకునే గుణం తక్కువ. వాన నేరుగా పడితే బురదై పెచ్చు కడుతుంది, ఎండ నేరుగా పడితే తడి ఆరిపోతుంది. రెండిటికీ అడ్డం ఉండేవి ఈ రాళ్ళే. రాయి ఎట్లాంటిదో నేల అట్లాంటిది, నేల ఎట్లాంటిదో సేద్యం అట్లాంటిది అన్నాడు.

"మనం గివి ఊకెనే పడి ఉన్నయనుకుంటం. కాదు బిడ్డా. గివి పని మీద ఉన్నయి," అన్నాడు చివరికి.

మర్నాడు చిన్నాయన వచ్చాడు. తాత సంచులు చూపించి, "నీ కోసం ఏరి పెట్టింది. పోయి పై చెలక సూసి రా," అన్నాడు. చిన్నాయన పోయి చూసి వచ్చాడు. తాత ఆయన్ను కూడా తిట్టలేదు. "నువ్వు అడిగేది నాయమే. పోవద్దనను. కని ఇంట్ల నోరు తెరిచినప్పుడు జర సూస్కో. పసిది నిజమనుకున్నది," అని మాత్రం అన్నాడు.

చిన్నాయన ఆ రోజు పట్నం పోలేదు. ఒక సంచి భుజాన వేసుకుని చెలకకు నడిచాడు. తుమ్మకంప లాగి పెచ్చు పగలగొట్టారు. తినడానికి కుండలో దాచిన జొన్నలు తీసి తాత మళ్ళీ విత్తాడు. వానకు నేల పెచ్చు కట్టిందని మాత్రమే అమ్మకు చెప్పాడు. సాలు వెంట సాలు, నేనూ చిన్నాయనా రాళ్ళన్నీ తిరిగి పరిచాం. ఏరడానికి మూడు రోజులు పడితే, పరచడానికి ఇద్దరికీ నాలుగు రోజులు పట్టింది.

మొలకలైతే వచ్చాయి. కానీ ఆలస్యంగా విత్తిన జొన్నకు పురుగు పట్టింది. పై ఎకరంలో చొప్ప తప్ప కంకి రాలేదు. ఆ చలికాలం మేము అంబలి తాగి బతికాం. తాత తన గిన్నెలోది మా గిన్నెల్లోకి వంచడం నేను చూశాను.

కోత అయిన ఆదివారం మా నాన్న ఇంటికి వచ్చాడు. పని లేక, పస్తులుండి, లోపల్లోపల ఉడికిపోతున్న మనిషి. పై ఎకరం ఎందుకు పోయిందని అడిగాడు. చిన్నాయన అప్పటికి జైల్లో ఉన్నాడు. రాళ్ళ సంగతి తెలిసినవాళ్ళం ఇంట్లో ఇక తాతా నేనే. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. "నాదే తప్పు. అదును సూస్కోక విత్తిన," అన్నాడు తాత.

నాన్న అనరాని మాటలు అన్నాడు. కళ్ళు కనబడవు, చేతులు ఆడవు, అయినా గొర్రు వదలవు అన్నాడు. "ఇగ సాలు నాయినా. వచ్చే ఏడు కౌలుకిస్త," అన్నాడు. తాత తల వంచుకుని విన్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. చూస్తే నేను బయటపడతానని భయపడ్డాడేమో. నేనే ఏరాను నాన్నా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కొడతాడని భయపడి మింగేశాను.

మరుసటి ఏడు కౌలుదారు వచ్చి మా చెలక విత్తాడు. తాత గట్టు మీద కూర్చుని చూశాడు. కన్నకొడుకే వద్దన్న చెయ్యి మనకెందుకు అనుకున్నారో ఏమో, ఊళ్ళోవాళ్ళు కూడా ఆయన్ను పిలవడం మానేశారు. విడుదలై వచ్చాక చిన్నాయన అసలు సంగతి చెప్పబోతే, పసిపిల్ల మీద పెట్టకురా అని తాతే ఆపాడట. తాత పోయాడు, తర్వాత చిన్నాయన, తర్వాత నాన్న. దవాఖానలో నాన్న మంచం పక్కన పది రోజులు కూర్చున్నాను. అప్పుడైనా చెప్పవలసింది.

రాయి గురించీ నేల గురించీ తాత చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి, మా మనవలకు చెబుతుంటాను కూడా. కానీ ఆ ఆదివారం నుంచి నేను నిజంగా మోస్తున్నది వేరు. ఆ ఒక్క మాట నేను తలుపు ఇవతలికి వచ్చి అని ఉంటే, మా తాత ఇంకా కొన్నేళ్ళు గొర్రు పట్టేవాడు.