బొగ్గు మనిషి

పెద్దయ్యాక కొత్త వీసాతో మళ్లీ సౌదీకొచ్చి నేను నర్సుగా పనిచేసే ఖతీఫ్‌లో సాయంత్రాలు చేపలు కాలుస్తారు. ఆ బొగ్గు వాసనకు చిన్నప్పుడు జెద్దాలో మేమున్న గది గుర్తొస్తుంది.

నాయన ఒక పోలండ్ ఇంజనీరు దగ్గర డ్రైవరు. ఆయన తన దేశపు చిన్న చిన్న కార్టూన్ల డిస్కు నాకు పంపించాడు. ఒకదాంట్లో కత్తిరించిన కాగితాలు కదిలేవి, ఇంకోదాంట్లో కొయ్యబొమ్మలు. మాటలుండేవి కావు. నన్ను భయపెట్టింది మాత్రం బొగ్గుతో గీసిన సినిమా. అందులో మనిషిని చెరిపి, మళ్లీ గీసి, నడిపిస్తారు. చెరిపిన చోటల్లా బూడిదరంగు మరక ఉండిపోతుంది. చివరికి మనిషి ఉండడు, మరకే ఉంటుంది.

ఆ రోజుల్లోనే అమ్మ పాస్‌పోర్టుకూ నా పాస్‌పోర్టుకూ 'ఖురూజ్' ముద్ర కొట్టారు.

"ఖురూజ్ అంటే ఏందిమా?" అని అడిగాను.

"మల్లా ఈడికి రాకుండా పంపిచ్చేది," అంది అమ్మ.

మమ్మల్ని చెరిపేస్తున్నారనుకున్నాను. మరకైనా మిగలాలని, సాంబ్రాణి వేసే బొగ్గు చేతికి పూసుకుని గోడకు అద్దాను. అమ్మ చెయ్యెత్తితే నాయన అడ్డమొచ్చాడు.

"పోనీలే, మీరు పోయినాక నేను తుడుస్తా."

ఆ గదిలో ఒక్కడే ఏళ్లకేళ్లు ఉండి, తల నెరిసాక ఇంటికొచ్చాడు. గోడ తుడిచావా అని ఊరికే అడిగాను.

"యాడ తుడిచినా? దాని పక్కకే మంచం జరుపుకున్నా," అన్నాడు.